పొదిగే కోడికి కడుపు చెడితే: షెడ్ పక్కన కోళ్ళు పెంచేవాళ్ళకి

ఈ వారం పురుగుల సంగతి పక్కన పెట్టి కోడి సంగతి చెప్పుకుందాం. వేలూరు, గుడియాత్తం పక్క మల్బరీ తోట ఉన్న ఇంట్లో నాలుగు నాటుకోళ్ళు కూడా ఉంటాయి. పంటకీ పంటకీ మధ్య చేతిఖర్చుకి ఆదుకునేవి అవే. పన్నెండు గుడ్ల మీద కూర్చున్న పెట్ట మధ్యలో చచ్చిపోతే పోయేది ఒక్క కోడి కాదు, వచ్చే మంద మొత్తం.

కడుపు చెడిన కోడి మేత మానేసి, ఈకలు ఉబ్బించుకుని, ఓ మూల కదలకుండా కూర్చుంటుంది. పొదిగే కోడీ అచ్చం అలానే కూర్చుంటుంది. చిక్కంతా అక్కడే.

కాబట్టి ముందు ఏది మామూలో తెలియాలి. పొదుగు మీద ఉన్న పెట్ట (తమిళంలో అడైకోళి) 21 రోజులూ మేత బాగా తగ్గిస్తుంది. ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి గుడ్లు పెట్టడాన్ని ఆపేస్తుంది, ఆకలీ తగ్గుతుంది. రోజుకి ఒకసారి దిగి, 15–20 నిమిషాల్లో తిని, తాగి, మట్టిలో పొర్లి, పెద్ద ముద్ద రెట్ట వేసి మళ్ళీ ఎక్కుతుంది. ఆ కంపు భరించలేం. భయపడొద్దు, రోజంతా ఆపుకున్నది ఒక్కసారి వేసింది, అంతే. కొంచెం బరువు తగ్గడమూ మామూలే. రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగిలితే, తురాయి పాలిపోతే, అది మామూలు కాదు.

జబ్బు కనిపెట్టడానికి మీ చెయ్యి చాలు. తెల్లవారుజామున, కోడి ఇంకా దిగకముందే, మెడ కింద కొంచెం కుడి పక్కకి ఉండే మేతసంచిని తడమండి. ముందురోజు తిన్నది రాత్రికల్లా కందనకాయ వైపు జారిపోయి సంచి ఖాళీగా, వదులుగా ఉండాలి. పిండిముద్దలా గట్టిగా ఉంటే మేత అడ్డుపడినట్టు. నీళ్ళు నింపిన బెలూన్‌లా మెత్తగా ఉండి, నోట్లోంచి పులిసిన వాసన వస్తే సంచిలో ఈస్ట్ పెరిగినట్టు. ఈ రెంటికీ వైద్యం వేరు.

మేత అడ్డుపడడం మనలాంటి ఇళ్ళల్లో ఎందుకు జరుగుతుందో చూడండి. ఆకలితో దిగిన పెట్టకి ఉన్నది పావుగంట. దూరం పోదు, ఎదురుగా ఉన్నది గబగబా మింగుతుంది. షెడ్ పక్కన ఎదురుగా ఉండేది ఏమిటి? ఎండిన మల్బరీ కొమ్మల నార, పడక మార్చినప్పుడు తెగిన నైలాన్ వల ముక్కలు, చంద్రికలు కట్టిన పురికొస, గూళ్ళు తీసినప్పుడు రాలిన పీచు. ఈ పట్టు పీచు అన్నిటికంటే చెడ్డది. మనకి బంగారమే గానీ కోడి కడుపు దాన్ని అరిగించలేదు. గింజలతో కలిసి సంచిలో ఉండకట్టుకుంటుంది. మింగినాక కోడి తిరగకుండా పోయి కూర్చుంటుంది, నీళ్ళు కూడా సరిగ్గా తాగదు. షెడ్ నేల సిమెంటు అయితే కందనకాయ అరగదీయడానికి కావలసిన చిన్న రాళ్ళు కూడా దొరకవు.

గట్టిగా ఉంటే ఆ రోజు మేత ఆపండి, నీళ్ళు మాత్రం ఉంచండి. గోరువెచ్చని నీళ్ళు రెండు మూడు మి.లీ., అందులో నాలుగు చుక్కల నువ్వులనూనె, సూది తీసిన సిరంజితో ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా వదలండి. ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత సంచిని వేళ్ళతో మెల్లగా ఐదు నిమిషాలు పిసకండి, రోజుకి మూడు నాలుగుసార్లు. మర్నాటి పొద్దునకి మెత్తబడకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. మత్తిచ్చి, సంచి కోసి, ఉండ తీసి కుట్టేస్తారు. బ్లేడుతో ఇంట్లో కోసేవాళ్ళున్నారు, ఆ పని వద్దు.

మెత్తగా, పులిసిన వాసనతో ఉంటే నూనె వద్దు. చద్దన్నం, గంజి, బెల్లంనీళ్ళు అసలు వద్దు, ఈస్ట్‌కి అవే మేత. కోడిని తలకిందులు చేసి కక్కించడం ఊళ్ళల్లో అలవాటు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ బిళ్ళ కూడా వెయ్యకండి. అది బాక్టీరియాని చంపుతుంది, ఈస్ట్‌ని కాదు. పైగా అడ్డు తొలగి ఈస్ట్ ఇంకా పెరుగుతుంది. దీనికి నిస్టాటిన్ లాంటి మందు డాక్టర్ రాస్తారు.

ఇక రెట్ట. రక్తం కలిస్తే కాక్సిడియోసిస్ అనుకోవాలి. ఆంప్రోలియం నీళ్ళల్లో కలిపి ఇస్తారు, మోతాదు డాక్టర్‌ని అడగండి. తడి గూడు దీనికి పుట్టిల్లు, గడ్డి మార్చి పొడిగా ఉంచండి. పచ్చగా నీళ్ళలా పారుతూ, కోడి మెడ తిప్పుకుంటూ, పక్క కోళ్ళకీ అంటుకుంటుంటే అది రాణిఖేత్ కావచ్చు. మన పక్క వెళ్ళై కళిచ్చల్ అంటారే, అదే. 1927లో మన దేశంలో మొదట ఆ కొండ ఊళ్ళో కనపడింది గనక ఆ పేరొచ్చింది. దానికి మందు లేదు, ముందే టీకా వేయించాలి. పెట్టని పొదుగుకి కూర్చోబెట్టకముందే టీకా, నులిపురుగుల మందు రెండూ అయిపోతే మంచిది. ఆకుముడతకి మందు కొట్టిన తోటలోకి పోయి వచ్చిన కోడి నోటివెంట జొల్లు కారుస్తూ వణికితే అది అజీర్తి కాదు, విషం. ఆ పూటే డాక్టర్‌కి చూపించాలి.

కోడికి వైద్యం చేస్తుంటే గుడ్ల గతేమిటి? ఇంకో పెట్ట పొదుగు మీద ఉంటే రాత్రి చీకట్లో దాని కిందకి మార్చండి, పొద్దునకి తనవే అనుకుంటుంది. లేకపోతే, ఏడు రోజులు దాటినవైతే, సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూసి, నరాలు కనపడనివి తీసేయండి. పది రోజులు కూడా కాని గుడ్ల కోసం బలహీనపడిన పెట్టని కూర్చోబెట్టడం నాకు ఇష్టం ఉండదు. పెట్ట బతికితే మళ్ళీ పెడుతుంది.

జబ్బు లేకపోయినా రోజూ ఒక పని చెయ్యండి. పొద్దున్నే పెట్టని చేత్తో దించండి. రెక్కల కింద గుడ్డు ఇరుక్కుందేమో చూసి మరీ ఎత్తండి. నలగ్గొట్టిన జొన్న, సజ్జ, మొక్కజొన్న, పక్కన గరుకు ఇసుక, చల్లటి నీళ్ళు షెడ్‌కి దూరంగా పెట్టండి. కత్తిరి ఎండల్లో సాయంత్రం కూడా ఒకసారి నీళ్ళు చూపించాలి. అరగంట వదిలితే గుడ్లకి ఏమీ కాదు.

షెడ్‌కి దూరంగా అన్నది ఊరికే కాదు. పాలరోగం, సప్పె రోగం వచ్చిన పురుగుల్ని కోళ్ళకి వెయ్యడం చాలామందికి అలవాటు. పాలరోగం వైరస్ పక్షి పేగుల్లో చావదు, రెట్టతో బతికే బయటికొస్తుంది. ఆ రెట్ట మీ కాళ్ళకి అంటి మళ్ళీ పడక మీదికే వస్తుంది. జబ్బు పురుగులు సున్నం, బ్లీచింగ్ వేసి పూడ్చాల్సినవే. ఆ గుంట మీద మట్టి బాగా కప్పండి, కోళ్ళు కెలికితే బ్లీచింగ్ కూడా కడుపులోకే పోతుంది.

పశువైద్యం వ్యాన్‌కి 1962. వేలూరులో పశువైద్య విశ్వవిద్యాలయం శిక్షణ కేంద్రంలో కూడా అడగొచ్చు. కోడిని తీసుకుపోయేటప్పుడు ఆ పొద్దుటి రెట్ట కొంచెం ప్లాస్టిక్ కవర్లో కట్టి తీసుకుపోండి, డాక్టర్ మొదట అడిగేది అదే.