మొదటి పిడికెడు
పాఠ్యభాగము: మత్తయి 6:24–34



అన్నవస్త్రములు మనకు అక్కరలేదని ప్రభువు చెప్పలేదు. అవి మనకు కావలెనని తండ్రి యెరుగునని చెప్పి, దేవుని రాజ్యమును వాటికంటె ముందుంచుమనెను. కావున నిచట విచారింపదగినది వరుసయే.

ఈ వరుసను మన తెలుగు క్రైస్తవ తల్లులు వంటయింటనే నేర్పిరి. ఎసటిలో బియ్యము పోయకమునుపే పిడికెడు తీసి దేవునికై వేరుగా నుంచెడివారు. భుజించిన పిమ్మట మిగిలినది ఇచ్చుట సులభము. ముందుగా తీయుటకు విశ్వాసము కావలెను.

అట్టి విశ్వాసమునకు మన తెలంగాణములోనే నిదర్శనము కలదు. తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించిన వి. యస్. అజరయ్యగారు వై.యం.సి.ఏ. కార్యదర్శిగా పేరుగాంచిరి. 1909లో ఆ పదవిని విడిచి డోర్నకలు చేరి, తనది కాని తెలుగు భాషలో పల్లెవాసులకు సేవచేసిరి. 1912లో అచటనే ప్రథమ బిషప్పు అయి, 1945లో మరణించువరకు ఆ ప్రజలతోనే నిలిచిరి. జీవితములో మిగిలినదానిని గాక, మేలైన భాగమునే ఆయన ముందుగా నిచ్చిరి.

మన దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు వీధులలో శిక్షణాలయములకు కొదువలేదు. ఆదివారము పరీక్ష యనగానే అనేక గృహములలో మొదట మానునది ఆరాధనయే. చదువు పాపము కాదు. శ్రద్ధగా చదువుట దేవుని చిత్తమే. అయితే ర్యాంకు కొరకు అసత్యమాడినను, తోటివానికి నోట్సు దాచినను, ఆ ర్యాంకే మనకు యజమానుడైనది.

తలిదండ్రులారా, బిడ్డ యిల్లు చేరగానే మార్కులకంటె ముందు మీరేమి యడుగుచున్నారు?

విద్యార్థులారా, రేపు ఉదయము పుస్తకము తెరువకమునుపు, సెల్‌ఫోను ముట్టకమునుపు, కొన్ని నిమిషములు ప్రార్థనకై తీసి యుంచుడి. అదియే మీ మొదటి పిడికెడు.