ఇసుక దారిలో ఇంటిల్లిపాదీ: థార్ ఎడారికి బయల్దేరే ముందు



ఈసారి సెలవులకు ఎక్కడికి వెళ్దామన్న మాట ఈపాటికే మీ ఇంట్లో వచ్చి ఉంటుంది. సముద్రం చూశాం, కొండలు చూశాం, ఇక ఎడారి చూద్దాం అనుకునే కుటుంబాల కోసం ఈ నెల వ్యాసం. పిల్లలకు సోషల్, సైన్స్, మ్యాథ్స్ మూడూ ఒకేచోట కనిపించే ప్రదేశం రాజస్థాన్‌లోని జైసల్మేర్. అయితే తారు రోడ్డు దాటి ఇసుకలోకి జీపు దిగిందంటే అది మామూలు టూర్ కాదు. బండి ఎక్కే ముందే కొన్ని లెక్కలు వేసుకోవాలి.

ఎప్పుడు, ఎలా?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. దసరా సెలవుల్లో అక్కడ పగటి ఎండ ఇంకా గట్టిగానే ఉంటుంది. క్రిస్మస్, సంక్రాంతి సెలవులు నయం. జోధ్‌పూర్ చేరుకుంటే అక్కడి నుంచి జైసల్మేర్ రోడ్డు మార్గంలో సుమారు 280 కి.మీ.

పిల్లలతో వెళ్లేవారికి మూడు రోజులు సరిపోతాయి. మొదటి రోజు 1156లో కట్టిన జైసల్మేర్ కోట, గడీసర్ చెరువు. రెండో రోజు ఊరికి సుమారు 17 కి.మీ. దూరంలోని అకల్ శిలాజ పార్కు, సాయంత్రం ఖూరీ ఇసుక దిబ్బలు. మూడో రోజు పాలివాల్ బ్రాహ్మణులు ఖాళీ చేసి వెళ్లిపోయిన కుల్ధారా గ్రామం, అక్కడి నుంచి సమ్ దిబ్బలు. సమ్ జైసల్మేర్‌కు పడమర దిక్కున సుమారు 40 కి.మీ. అకల్‌లో రాయిగా మారిన చెట్ల దుంగలు సుమారు 18 కోట్ల ఏళ్ల నాటివి. ఒకప్పుడు ఇక్కడ దట్టమైన అడవి ఉండేదని పిల్లలకు ఆ దుంగలే చెబుతాయి.

టైరులో గాలి: ఒక సైన్స్ పాఠం

మెత్తటి ఇసుకలో బండి ఎందుకు కూరుకుపోతుంది? తొమ్మిదో తరగతి పిల్లలను అడగండి. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. బండి బరువు మారదు. టైరులో గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని, ఇసుకను తాకే వైశాల్యం పెరుగుతుంది. పీడనం తగ్గి బండి తేలికగా సాగుతుంది. ఒంటె పాదం వెడల్పుగా, మెత్తగా ఉండటంలో రహస్యం కూడా ఇదే. రోడ్డు మీద 32 పీఎస్ఐ దాకా ఉండే గాలిని ఇసుకలో డ్రైవర్లు దాదాపు 18కి దించుతారు. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవడం తప్పనిసరి. గాలి తక్కువగా ఉన్న టైరుతో వేగంగా వెళ్తే అది వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

మరో సంగతి. గాలి వీచే వైపు దిబ్బ వాలుగా ఉంటుంది, అవతలి వైపు నిటారుగా దిగిపోతుంది. పైకి ఎక్కేదాకా అవతల ఏముందో కనబడదు. అందుకే శిఖరం దగ్గర ఆగి, దిగి చూసి, ఆ తర్వాతే నేరుగా దిగాలి. దిబ్బకు అడ్డంగా నడిపితే బండి పల్టీ కొట్టవచ్చు. మొదటిసారి వెళ్లేవారు సొంతంగా నడపకుండా, ఆ ఇసుక తెలిసిన స్థానిక డ్రైవరుతో ఫోర్ బై ఫోర్ బండి మాట్లాడుకోవడమే మంచిది. అద్దె కారు తీసుకుంటే, ఇసుకలో నడిపినప్పుడు ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

నిలబడి వెళ్లడం వద్దు

దిబ్బల మీద ఓపెన్ జీపులో పిల్లలు వెనక రాడ్డు పట్టుకుని నిలబడి కేకలు వేయడం, పెద్దలు వీడియో తీయడం తరచూ కనిపించే దృశ్యం. ఒక్క కుదుపుకు పిల్లవాడు బయటికి ఎగిరిపడతాడు. ప్రతి ఒక్కరికీ సీటు, ప్రతి సీటుకూ బెల్టు ఉన్న బండినే ఎంచుకోండి. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు లేదా చైల్డ్ సీటు ఉండాలని మోటారు వాహనాల చట్టం కూడా చెబుతోంది. "అందరూ ఇలాగే వెళ్తున్నారు కదా డాడీ" అని పిల్లలు అంటారు. అప్పుడు మనం కాదంటే, ఆ పాఠం వాళ్లకు పదేళ్ల తర్వాత బైకు ఎక్కినప్పుడూ గుర్తుంటుంది.

నీళ్లు, చలి, దారి

మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు బండిలో ఉండాలి. పొడిగాలికి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి పిల్లలకు దాహం తెలియదు. గంటకోసారి మీరే తాగించండి. పొడి ఇసుక త్వరగా వేడెక్కి త్వరగా చల్లబడుతుంది. అందుకే మధ్యాహ్నం టోపీ, రాత్రి స్వెటర్ రెండూ కావాలి.

రెండు బండ్లుగా వెళ్లడం క్షేమం. పార, తాడు, గాలి పంపు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలి. మ్యాప్‌ను ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఎప్పటికి తిరిగి వస్తారో హోటల్ వాళ్లకు చెప్పి వెళ్లండి. బండి కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం ఇంకా లోతుకు దిగుతుంది. చక్రాల ముందు, వెనక ఇసుక తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. దారి తప్పితే బండిని వదిలి నడవకూడదు. ఎడారిలో మనిషి కంటే బండి దూరానికి కనిపిస్తుంది. సరిహద్దు వైపు వెళ్లాలనుకుంటే అనుమతుల గురించి జిల్లా అధికారులను ముందుగా అడగండి.

జాడ దాటని చక్రం

ఎడారి అంటే ఖాళీ స్థలం అని పిల్లలు అనుకుంటారు. జైసల్మేర్ పక్కనే 3,162 చదరపు కి.మీ. డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది. అక్కడ బట్టమేక పక్షి నేల మీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఈ పక్షులు ఇప్పుడు దేశంలో 150 దాకా మాత్రమే మిగిలి ఉంటాయని అంచనా. దీని కోసమే 1988లో మన కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటైంది. ఇప్పుడు అక్కడ ఈ పక్షి కనిపించడమే గగనమైంది. సరదాకి జాడ దాటిన ఒక్క చక్రం ఆ ఏడాదికి ఒక జంట ఆశను తుడిచేయగలదు. డ్రైవరుకు ముందే చెప్పండి: ఉన్న జాడలోనే పోనివ్వమని.

అక్కడ ఖేజ్డీ అనే చెట్టును చూపించండి. అది మన జమ్మిచెట్టే! దసరాకు మనం పూజించే చెట్టు అక్కడ మేకలకు మేత, మనుషులకు కూర. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు.

ఇంట్లో చేయించండి

1. కారు రోడ్డు మీద లీటరుకు 12 కి.మీ., ఇసుకలో 6 కి.మీ. ఇస్తుంది. రోడ్డు 80 కి.మీ., ఇసుక 20 కి.మీ. అయితే ఎంత ఇంధనం కావాలి? (జవాబు: 10 లీటర్లు. అందులో సగం అదనంగా ఉంచుకోమని చెప్పండి.)
2. మీ కుటుంబానికి రెండు రోజులకు ఎన్ని లీటర్ల నీళ్లు కావాలో లెక్కించమనండి.
3. బండిలో ఉండాల్సిన వస్తువుల లిస్టు పిల్లలే రాసి, బయల్దేరే రోజు వాళ్లే టిక్ పెట్టాలి.

ఈసారి వెళ్లడం కుదరకపోయినా ఈ మూడు లెక్కలు డైనింగ్ టేబుల్ దగ్గర చేయించవచ్చు. పిల్లలు రాసిన లిస్టును డైరీలో అంటించి పంపండి, క్లాసులో అందరికీ చదివి వినిపిస్తాం.