కొండమీద రైతు, కొండకింద ధర
ఆల్ప్స్ పర్వతాలలో చిన్నకారు సేద్యం, అడవి పెంపకం: పెట్టుబడి ముందు దేనిమీద?

అమ్మక తప్పనివాడికి బేరం ఉండదు. సరుకు చేతిలో ఉన్నా, దాన్ని నిలవ చేసుకునే చోటు లేకపోతే ధర నిర్ణయించేది కొనేవాడే. మన యార్డుల్లో రోజూ కనిపించే ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో ఉన్నది. అక్కడి చిన్న రైతుకు రెండే సరుకులు: పాలు, కలప. మొదటిది రెండు రోజులు ఆగదు. రెండవది ఏళ్ళ తరబడి ఆగగలదు, కాని గాలివాన వచ్చినప్పుడు అదీ ఆగదు.

2018 అక్టోబరు ఆఖరున ఇటలీ ఈశాన్య భాగంలోని ఆల్ప్స్ లోయలను 'వాయా' అనే తుపాను తాకింది. కొన్ని కనుమల్లో గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. సుమారు 42,000 హెక్టార్ల అడవి దెబ్బతిన్నది. నేలకూలిన కలప దాదాపు 85 లక్షల ఘనపు మీటర్లని అంచనా. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కొట్టి అమ్ముకోవలసిన సరుకు ఒకటి రెండు రోజుల్లో నేలమీద పడిపోయింది.

పడిన చెట్టు అలాగే ఉంటుంది కదా, తొందర ఏమిటని అడగవచ్చు. అక్కడ ఎక్కువగా ఉన్నవి స్ప్రూస్ చెట్లు. పడిన స్ప్రూస్ బెరడు కింద ఒక చిన్న పురుగు గుడ్లు పెడుతుంది. వేసవి వేడిగా ఉంటే ఏడాదికి రెండు తరాలు కూడా పుడతాయి. పడిన చెట్లలో పెరిగిన పురుగు నిలిచిన చెట్ల మీదికి పోతుంది. దానితోపాటు వచ్చే బూజు వల్ల కలపకు నీలిచాయ పట్టి గ్రేడు తగ్గిపోతుంది. కాబట్టి అందరూ ఒకేసారి అమ్మకానికి దిగారు. దుంగల ధర పడిపోయింది. సరిహద్దు అవతల ఆస్ట్రియాలోని పెద్ద రంపపు మిల్లులు తీరిగ్గా బేరమాడి కొన్నాయి. తర్వాతి సంవత్సరాలలో పురుగు విజృంభించి, తుపానుకు నిలిచిన చెట్లను కూడా చంపింది.

ధర పెరిగినా రైతుకు రాలేదు

దీనికి రెండో వైపు కూడా చూడాలి. 2021 మే నెలలో షికాగో వాయిదా మార్కెట్టులో కోసిన కలప ధర వెయ్యి బోర్డు అడుగులకు 1,600 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. ఐరోపాలో కూడా కోత కలప ధరలు పుంజుకొన్నాయి. అయితే దుంగ అమ్మే రైతుకు ఆ పెరుగుదలలో కొంత మాత్రమే చేరింది. పురుగు పట్టిన దుంగలు అప్పటికే మార్కెట్టులో గుట్టలుగా ఉన్నాయి. గిరాకీ దుంగకు కాదు, కోసిన పలకకు. రంపపు మిల్లుల సామర్థ్యమే ఇరుకు. ఇరుకు దగ్గర కూర్చున్నవాడికే లాభం మిగిలింది.

ధరవరల పట్టిక మాత్రమే చూసేవారికి ఈ సంగతి కనిపించదు. పట్టికలో ఉన్నది పలక ధర. రైతుకు కావలసింది కొండమీద, చెట్టు మొదట్లో మిగిలే ధర. ఈ రెంటి మధ్య కొట్టుకూలి, దింపుడు ఖర్చు, రవాణా, కోత ఖర్చు, మిల్లు లాభం ఉన్నాయి. నిటారు వాలున దుంగను ఉక్కు తాడుమీద దించవలసి వస్తే దింపుడు ఖర్చే బరువవుతుంది. ధర మందగించిన సంవత్సరం చెట్టును ముట్టుకోకపోవడమే మేలవుతుంది.

పాల కథ

పాల విషయంలో కూడా చిక్కు ఇటువంటిదే. అంత ఎత్తున గడ్డి తప్ప మరేమీ సరిగా పండదు. వేసవి మూడు నాలుగు నెలలు పశువులను పై బయళ్ళకు తోలి, కింది మళ్ళలో కోసిన ఎండుగడ్డిని శీతకాలానికి దాచుకుంటారు. వాలు ఎక్కువ కావడం వల్ల పెద్ద ట్రాక్టరు పనికిరాదు. పాల లారీ మలుపులన్నీ తిరిగి ఇంటికి కొద్ది లీటర్ల చొప్పున సేకరించాలి. ఖర్చు మైదానం కంటె ఎక్కువ. పాలు మాత్రం అవే పాలు.

ఐరోపా కూటమిలో 1984 నుంచి అమలులో ఉన్న పాల కోటా పద్ధతి 2015 మార్చి 31తో ముగిసింది. ఆ తర్వాత ఏడాదికి పైగా పాల ధరలు దిగజారాయి. ఎక్కువ పశువులున్న మైదాన రైతు పరిమాణంతో కొంత తట్టుకోగలడు. పది పదిహేను ఆవులున్న కొండ రైతుకు ఆ దారి లేదు.

ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతం రైతులు వేరే దారి పట్టారు. అక్కడి బోఫోర్ జున్నుకు 1968లోనే ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. రెండు స్థానిక జాతుల ఆవుల పాలే వాడాలి. పులియబెట్టిన పచ్చిమేత పెట్టరాదు. కనీసం 5 నెలలు నేలమాళిగలో మాగాలి. కిలో జున్నుకు సుమారు 10 లీటర్ల పాలు పడతాయి. జున్నుగా మారిన పాలు నెలల తరబడి ఆగుతాయి. మాగే నేలమాళిగలు చాలావరకు రైతుల సహకార సంఘాల చేతిలో ఉన్నాయి. అందుచేత ఆ లోయల్లో పాలకు మామూలు పాలకన్న మంచి ధర పలుకుతున్నది. ఇక్కడ పేరు ఎంత ముఖ్యమో, నిలవ చేసే చోటు అంత ముఖ్యం.

పెట్టుబడి వరుస

1. దారి, తాడు: దుంగ కొండ దిగకపోతే అది సరుకే కాదు. సన్నని అడవి బాట, పదిమంది ఉమ్మడిగా వాడుకునే తాడు యంత్రం మొదట రావాలి. వాలున వెడల్పు రోడ్డు తవ్వితే మట్టి కోసుకుపోయి కొత్త నష్టం తెస్తుంది.

2. నిలవ: దుంగలను పేర్చి, ఎప్పుడూ తడిగా ఉండేలా నీళ్ళు చల్లుతుంటే పురుగు, బూజు చేరవు. 1999 డిసెంబరులో 'లోథార్' తుపాను తర్వాత ఫ్రాన్సు, జర్మనీలలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడారు. మన మిర్చి వర్తకులకు కోల్డ్ స్టోరేజి ఏమిటో వారికి తడి అడితి అది. పాలకు నేలమాళిగ కూడా అటువంటిదే. అయితే నిలవ అంటే అప్పు కూడా. 5 నెలలు జున్ను మాగినంత కాలం రైతుకు పాల డబ్బు ఎవరో ఇవ్వాలి. గోడలకు రుణమిచ్చి, నిలవపై రుణం ఇవ్వకపోతే పని సగమే అవుతుంది.

3. ఉమ్మడి యంత్రాలు: ప్రభుత్వ సహాయం అందుతున్నది కదా అని ఎవరికి వారు ఖరీదైన యంత్రం కొంటే, అది ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటుంది. వడ్డీ మాత్రం రోజూ నడుస్తుంది.

4. మిశ్రమ అడవి: స్ప్రూస్ ఒక్కటే కాక ఫర్, బీచ్, లార్చ్ చెట్లు కలిపి పెంచితే ఒక్క పురుగుకు అడవి అంతా బలి కాదు. ఫలితం దశాబ్దాల తర్వాత కాబట్టి దీనికి బ్యాంకు రాదు, ప్రభుత్వమే రావాలి. స్విట్జర్లాండులో దాదాపు సగం అడవి మంచు జారకుండా, రాళ్ళు దొర్లకుండా ఊళ్ళను, రహదారులను కాపాడుతున్నది. ఆ దేశం 1876లోనే కొండ అడవుల రక్షణకు చట్టం చేసింది. ఆ కాపలా విలువ కలప ధరలో కనిపించదు.

5. వారసుడు: ఇటలీలోని దక్షిణ టిరోల్‌లో 'మూసిన కమతం' పద్ధతిలో పొలం ముక్కలు కాకుండా ఒకే వారసుడికి పోతుంది. స్విట్జర్లాండు 1991 చట్టం ప్రకారం, స్వయంగా సేద్యం చేసే వారసుడు కమతాన్ని మార్కెట్టు ధరకు కాక, రాబడిని బట్టి కట్టిన విలువకు తీసుకోవచ్చు. ఇరవై ఏళ్ళ రుణం ఇచ్చేవాడు అప్పటికి పశువుల కొట్టం తలుపు తీసేదెవరో ముందు అడగాలి.

ఈ వరుసలో పెద్ద పశువుల కొట్టం లేకపోవడం పొరపాటు కాదు. సొంత గడ్డి చాలినన్ని ఆవులకే కొండమీద లెక్క కుదురుతుంది. అంతకు మించితే కొండకింద నుంచి దాణా కొని, పాలు మళ్ళీ కొండకింది ధరకే అమ్మవలసి వస్తుంది. రెండు వైపులా కిరాయి రైతుదే.

వర్తకులు దీని నుంచి నేర్చుకోవలసినది ఒకటున్నది. ఒక సరుకు ఆమదాని హఠాత్తుగా పెరిగినప్పుడు ధర ఎంత అని అడగడంతో ఆగరాదు. అమ్మేవాడు ఎన్నాళ్ళు ఆగగలడు, ఇరుకు ఎక్కడ ఉన్నది అని కూడా అడగాలి. ఆగలేని రైతు దగ్గర ఈ ఏడు చౌకగా కొన్న సరుకు వచ్చే ఏడు దొరక్కపోవచ్చు. వాయా తర్వాత చౌకగా అమ్ముడైన అడవి మళ్ళీ కోతకు రావడానికి ఒక మనిషి జీవితకాలం పడుతుంది.