ముందు మీకు నేర్పమనండి

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. తిరుపతిలో, బైరాగిపట్టెడలో ఉంటారు. వేసవి సెలవుల్లో ఒకరోజు అక్క ఫోన్ చేసి, "కంప్యూటర్లో పాటలు చేస్తా ఉందంట. అది చాలక, ఎట్ల చేయాల్నో అందరికీ నేర్పించే వీడియో తీస్తానంటా ఉంది. తలుపేసుకుని కూర్చుంటే అన్నానికి కూడా రాదు. ఏం చెప్పమంటావు?" అంది. కోపం కన్నా దిగులే ఎక్కువగా వినిపించింది ఆ మాటల్లో. అలాంటి దిగులున్న అమ్మానాన్నలు మన ఊళ్లలో చాలామందే ఉంటారనిపించి ఇది రాస్తున్నాను.

అక్కకు చెప్పింది ఒక్కటే. వద్దని అడ్డం పడొద్దు, సరేనని వదిలేయనూ వద్దు. వీడియో తీసే ముందు ఆ పాఠమేదో నీకు నేర్పమను.

పిల్లలు వాడేవి బ్యాండ్‌ల్యాబ్, సౌండ్‌ట్రాప్ లాంటి ఆన్‌లైన్ స్టూడియోలు. బ్రౌజర్లోనే తెరుచుకుంటాయి, డబ్బు కట్టకుండానే మొదలుపెట్టొచ్చు. తెరమీద ఒకదాని కింద ఒకటి పట్టీలుంటాయి, వాటిని ట్రాకులంటారు. ఒకదాంట్లో గొంతు, ఒకదాంట్లో మృదంగం, ఇంకోదాంట్లో కీబోర్డు విడివిడిగా రికార్డు చేసి అన్నీ కలిపి వినొచ్చు. ఒకప్పుడు ఈ మాత్రం పనికి మన జిల్లావాళ్లు మద్రాసు బస్సెక్కాల్సి వచ్చేది. అదిప్పుడు మీ ఇంటి గదిలో జరుగుతోంది. కాస్త పక్కన కూర్చుని చూడండి.

సంగీతం తెలియని మేమేం చెబుతాం అనుకోవద్దు. మీ ఇంట్లో సంగటి చేస్తారు కదా. కొత్త కోడలికి నేర్పేటప్పుడు నీళ్లు పెట్టు, బియ్యం వేయి, పిండి పోయి అని గబగబా చెప్పేసి ఊరుకోరు. పిండి పోశాక వెంటనే కెలకొద్దని, ఎక్కడ ఉండ కడుతుందో, చేతికి తడి ఎందుకు చేసుకోవాలో అక్కడ నిలబడి చూపిస్తారు. పాఠం చెప్పడమంటే ఉండ కట్టే చోటు చూపించడం. అది మీకు తెలుసు. పిల్లలకు ఇంకా తెలియదు. వాళ్లకు చెయ్యి తిరిగిపోయింది కాబట్టి కష్టమైన చోటు గుర్తుండదు, పది మెట్లు ఒక్క అంగలో దాటేస్తారు. "ఆగు పాపా, ఇప్పుడేం నొక్కినావు?" అని అడగడానికి సంగీతజ్ఞానం అక్కర్లేదు.

ఉండ కట్టే చోటు ఒకటి నేనూ చెబుతాను. ఈ స్టూడియోలు తెరవగానే గడికి నాలుగు దెబ్బల లెక్కలో ఉంటాయి. ఆదితాళం ఎనిమిది అక్షరాలు కాబట్టి రెండు గడుల్లో చక్కగా ఇమిడిపోతుంది. ఖండచాపు ఐదు, మిశ్రచాపు ఏడు. లెక్క ముందే మార్చుకోకపోతే, టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ గట్టిదెబ్బ ఎక్కడో పడుతుంది, పాడేవాళ్లు తడబడతారు. మన సంగీతం నేర్చుకునే పిల్లలకు ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ. గొంతును సరిచేస్తామనే బటన్ కూడా అంతే. తోడి రాగంలో గాంధారం ఊగితేనే అది తోడి. ఆ బటన్ నొక్కితే స్వరం కర్రలా నిలబడిపోతుంది. మీ అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ ఉంటే, ఇంగ్లీషు వీడియోల్లో కనిపించని ఇలాంటివాటినే పాఠంగా తీసుకోమనండి.

ఒక వీడియోకి ఒక్క సంగతి చాలు. తాళం పెట్టుకుని గొంతు రికార్డు చేయడం, అంతే. లాంగ్ నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు తెరమీద కనిపించేది, కుడివైపు నోటితో చెప్పేది రాయించండి. మొదట్లోనే పూర్తయిన పాట ఓ పదిహేను సెకన్లు వినిపించాలి, చూసేవాళ్లకు ఎక్కడికి వెళ్తున్నామో తెలియాలి. నిమిషానికి 75 దెబ్బల వేగం పెడితే ఒక దెబ్బకు 0.8 సెకను, ఆదితాళం ఆవర్తనానికి 6.4 సెకన్లు, పది ఆవర్తనాలకు 64 సెకన్లు. ఈ లెక్క పిల్లే వేసుకుంటుంది. చదువు పాడైపోతుందని భయపడే నాన్నలకు ఆ పేజీ ఒకసారి చూపించండి.

ఎలా చేశామో చెప్పి ఉంచడం ఎంత విలువైనదో తిరుపతి వాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద తాళ్లపాకవారి కీర్తనలున్నాయి. అన్నమయ్యవే 12 వేలకు పైగా మనకు దక్కాయి. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు, స్వరాలు మాత్రం చెక్కలేదు. మాట మిగిలింది, ఆయన పాడిన తీరు పోయింది. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి విద్వాంసులు మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. మదనపల్లెలో ఇంకోలా జరిగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి జనగణమన పాడినప్పుడు, మార్గరెట్ కజిన్స్ విద్యార్థులను దగ్గర పెట్టుకుని ఆ బాణీని స్వరాల్లో రాసిపెట్టారు. ఆయన గొంతు విననివాళ్లు కూడా ఆ కాగితం చూసి పాడుకోగలిగారు. మీ పిల్ల చేయబోయే ఐదు నిమిషాల వీడియో కూడా ఆ కాగితం చేసిన పనే చేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అన్నమయ్య మాటలు ఐదు వందల ఏళ్ల నాటివి, ఎవరైనా పాడుకోవచ్చు. బాణీ కట్టినవారు మాత్రం మన కాలం వారు. మన దేశంలో బాణీ మీద హక్కు దాని కర్త కన్నుమూసిన తర్వాత కూడా 60 ఏళ్లుంటుంది. క్యాసెట్లోంచో సినిమాలోంచో ముక్క కోసి పెట్టడం అసలే వద్దు. గంగజాతరలో డప్పు దరువు ఫోన్లో పట్టుకొచ్చి పాటకు వాడుకోవడం మంచి ఆలోచనే. అయితే కొట్టిన అన్నను ముందే అడగాలి, వీడియోలో ఆయన పేరు చెప్పాలి. ఇది పిల్లలకు మనమే నేర్పాలి.

యూట్యూబ్‌లో సొంత ఖాతాకు 13 ఏళ్లు నిండాలి. నిండినా మొదటి వీడియోలు మీ ఖాతాలో, లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా పెట్టుకోండి. యూనిఫాం, బడి పేరు, ఇంటి ముందు వీధి కనిపించకుండా చూడండి. ఇలాంటి పాఠానికి ముఖం కనిపించనక్కర్లేదు, తెర, గొంతు చాలు.

రికార్డింగుకు తెల్లవారుజాము మంచిది. మా అక్క కూతురు మొదటిసారి పాడినప్పుడు పాట కన్నా ఫ్యాను ఎక్కువ వినిపించింది. ఫ్యాను ఆపి, కిటికీకి అవ్వ కుట్టిన బొంత వేలాడదీస్తే సగం గోల పోయింది. ఇయర్‌ఫోన్ వైరు ఉన్నదే వాడాలి. బ్లూటూత్ అయితే శబ్దం ఆలస్యంగా చెవిని చేరి తాళం జారుతుంది.

అక్క నా మాట విని శిష్యురాలిగా కూర్చుంది. చెప్పింది చెప్పినట్టు చేసి, రికార్డు నొక్కి, రెండు పంక్తులు పాడింది. వింటే గొంతుతోపాటు మెట్రోనోమ్ టిక్కుటిక్కు కూడా పడిపోయింది. ఇయర్‌ఫోన్ పెట్టుకోమని పిల్ల చెప్పనేలేదు. తనకు రోజూ అలవాటే కాబట్టి చెప్పాలని తోచలేదు. కాసేపు అలిగి, నోట్‌బుక్ తెచ్చి పేజీ పైన ఆ మాట ఎర్ర ఇంకుతో రాసుకుంది. మళ్లీ మొదలుపెట్టారు.

వీడియో ఇంకా బయటికి రాలేదు. మొన్న అక్క ఫోనులో ఒక ముక్క వినిపించింది. ఈసారి శిష్యురాలు అవ్వ. ఆమె పాడిన ఊయల పాట, వెనక సన్నగా తంబురా. "చిన్నమ్మా, అవ్వ మూడోసారికి తాళంలో పడింది. ఆమెకు అర్థమయ్యేదాకా చెప్పి, అప్పుడు తీస్తా" అని వెనకనుంచి అరిచింది పిల్ల.