మందు ఆయుష్షును పెంచిందా, ఆయుష్షు ఉన్నందుకే మందు అందిందా?

మీ ఇంట్లో నాన్నగారో, అమ్మమ్మగారో ఏళ్ల తరబడి ఆయాసంతో బాధపడుతున్నారా? నాలుగడుగులు వేస్తే ఎగశ్వాస, ప్రొద్దున లేవగానే దగ్గు, గళ్ళ, చలికాలం వచ్చిందంటే ఆసుపత్రి. డాక్టరుగారు చీటీలో దీనిని సి.ఓ.పి.డి. అని వ్రాసి ఉంటారు. ఊపిరితిత్తులలోని గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకై, గాలి సంచులు దెబ్బతినే దీర్ఘకాలిక వ్యాధి ఇది. బీడీ, చుట్ట, సిగరెట్ల పొగ, కట్టెల పొయ్యి పొగ, పని చేసే చోటి దుమ్ము దీనికి ముఖ్యమైన కారణాలు.

ఇలాంటి రోగి ఉన్న ఇంటికి సలహాలు చెప్పేవారికి కొదువ ఉండదు. ఒకరు వచ్చి "ఫలానా ఇన్‌హేలర్ వాడితే ఆయుష్షు పెరుగుతుందని పరిశోధనలో తేలిందట" అంటారు. మరొకరు "ఆ మందు వాడితే న్యుమోనియా వస్తుందట, మానెయ్యండి" అంటారు. ఇద్దరూ పరిశోధన పేరే చెబుతారు. మందు కొనేది మీరు. రాత్రి మేల్కొని రోగి ప్రక్కన కూర్చునేదీ మీరే. గనుక ఒక పరిశోధనను ఎంతవరకు నమ్మవచ్చో మీరు కూడా కొంత తెలుసుకోవడం మంచిది.

త్రాసు మొగ్గితే తూకం తప్పుతుంది

కొట్టువాడు ఎంత నిజాయితీపరుడైనా, అతని త్రాసు ఒకవైపు మొగ్గి ఉంటే తూకం తప్పే వస్తుంది. పదిసార్లు తూచినా అదే తప్పు. పరిశోధనలలో కూడా ఇలాంటి మొగ్గు ఉంటుంది. దీనిని పక్షపాత దోషం అంటారు. పరిశోధకులు అబద్ధమాడారని దీని అర్థం కాదు. రోగులను ఎంచిన విధానంలో గాని, రోజులు లెక్కించిన విధానంలో గాని ఏదో ఒకవైపు మొగ్గు ఉన్నదని అర్థం. వేలమందిని పరిశీలించినా ఈ దోషం పోదు.

2001లో వచ్చిన శుభవార్త

ఇన్‌హేలర్లలో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. ఒకటి ఇరుకైన గాలి గొట్టాలను వెడల్పు చేసేది. రెండవది గొట్టాలలోని వాపును తగ్గించే స్టెరాయిడ్ మందు. సి.ఓ.పి.డి. రోగులకు ఈ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఎంతవరకు పనికివస్తుందన్నది చాలాకాలం తేలని ప్రశ్నగా ఉండేది.

2001లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం నుండి ఒక పరిశోధన వెలువడింది. ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్ళిన, 65 ఏళ్లు, అంతకు పైబడిన 22,620 మంది సి.ఓ.పి.డి. రోగుల రికార్డులను డాన్ సిన్, జాక్ టు అనే వైద్యులు పరిశీలించారు. ఇంటికి వెళ్ళిన 90 రోజులలోగా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తీసుకున్నవారిని ఒక గుంపుగా, తీసుకోనివారిని మరొక గుంపుగా విభజించారు. ఒక ఏడాదిలో మందు తీసుకున్నవారికి మరణించే అవకాశం 29 శాతం తక్కువని, తిరిగి ఆసుపత్రిలో చేరడం 24 శాతం తక్కువని లెక్క తేలింది. ఎంత ఆశ కలిగించే వార్త!

అయితే ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఒక రోగి ఇంటికి వెళ్ళిన పదవ రోజున చనిపోయాడనుకుందాం. అప్పటికి ఇంకా మందు కొనలేదు. అతడు ఏ గుంపులోకి వెళ్తాడు? మందు తీసుకోని గుంపులోకే గదా! మరొకాయన 80వ రోజున మందు కొన్నాడు. ఆయన మందు తీసుకున్న గుంపులోకి వెళ్తాడు. ఆ 80 రోజులు ఆయన బ్రతికి ఉన్నది మందు వలన కాదు. కాని ఆ రోజులు కూడా మందు ఖాతాలోనే జమ అయ్యాయి.

షష్టిపూర్తి లెక్క

మనకు బాగా తెలిసిన సంగతితో దీనిని పోల్చి చూద్దాం. ఒక ఊరిలో షష్టిపూర్తి చేసుకున్నవారు సగటున ఎన్నేళ్లు బ్రతికారో, చేసుకోనివారు ఎన్నేళ్లు బ్రతికారో లెక్క వేశామనుకోండి. చేసుకున్నవారే ఎక్కువకాలం బ్రతికినట్టు తప్పక తేలుతుంది. అంతమాత్రాన షష్టిపూర్తి ఆయుష్షును పెంచిందనగలమా? అరవై ఏళ్లు బ్రతికితేనే షష్టిపూర్తి జరుగుతుంది. నలభైలోనే పోయినవారంతా "చేసుకోనివారి" లెక్కలో చేరారు.

ఇప్పుడు మందు విషయంలో ఒక చిన్న లెక్క చూడండి. ఇది అర్థం కావడానికి మనం కల్పించుకున్నది. ఒక ఇన్‌హేలర్‌లో మందే లేదు, వట్టి గాలి ఉన్నదనుకుందాం. 100 మంది రోగులు ఇంటికి వెళ్ళారు.

- మొదటి మూడు నెలలలో, ఎవరూ మందు కొనకముందే, 10 మంది చనిపోయారు.
- మిగిలిన 90 మందిలో 45 మంది మూడవ నెల చివర ఆ ఇన్‌హేలర్ కొన్నారు. 45 మంది కొనలేదు.
- తరువాతి తొమ్మిది నెలలలో ఆ గుంపులో 5 మంది, ఈ గుంపులో 5 మంది చనిపోయారు. మందే లేదు గనుక తేడా రాలేదు.

ఇప్పుడు ఏడాది చివర లెక్క వేయండి. కొన్నవారు 45 మందిలో మృతులు 5, అంటే 11 శాతం. కొననివారిలో మొదటి 10 మందిని కూడా కలిపితే 55 మందిలో మృతులు 15, అంటే 27 శాతం. వట్టి గాలి ప్రాణాలు నిలిపినట్టు కనబడుతోంది! అబద్ధం ఎవరూ ఆడలేదు. రోజులు లెక్కించిన తీరే తప్పు. మందు అందేవరకు రోగి బ్రతికి ఉండక తప్పని ఈ వ్యవధిని పరిశోధకులు "మరణం లేని కాలం" అంటారు.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన సామీ సూయిస్సా 2003లో ఈ దోషాన్ని ఎత్తి చూపించారు. కెనడాలోనే సస్కాచివాన్ రాష్ట్రపు రోగుల రికార్డులను తీసుకుని రెండు విధాలుగా లెక్క వేశారు. పాత పద్ధతిలో వేస్తే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వలన గొప్ప మేలు కనబడింది. మందు కొనకముందు గడిచిన రోజులను మందు లేని రోజులుగానే లెక్కిస్తే ఆ మేలు కనబడలేదు. రోగులు వారే, రికార్డులు అవే. మారినది లెక్క మాత్రమే.

చీటీలు వేసి చూసినప్పుడు

ఈ దోషాన్ని తప్పించడానికి మంచి మార్గం ఏమిటి? ఎవరికి ఏ మందు ఇవ్వాలో చీటీలు వేసినట్టుగా మొదటి రోజే నిర్ణయించి, ఆ రోజు నుండే అందరి రోజులనూ లెక్కించడం. అప్పుడు డబ్బున్నవారు, చూసుకునే మనుషులున్నవారు, వ్యాధి తీవ్రంగా ఉన్నవారు ఒకే గుంపులోకి చేరిపోకుండా రెండు వైపులా సర్దుకుంటారు.

అలాంటి పెద్ద పరీక్ష ఒకటి 42 దేశాలలో జరిగి, దాని ఫలితాలు 2007లో వెలువడ్డాయి. దాని పేరు టార్చ్. మందు తయారుచేసే గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీయే దానికి ఖర్చు భరించింది. 6,112 మంది రోగులను మూడేళ్లు గమనించారు. మధ్యలో మందు మానేసినవారు బ్రతికి ఉన్నారో లేదో కూడా చివరివరకు విచారించారు. ఫలితాలు ఇవి:

- మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలర్ పీల్చినవారిలో 15.2 శాతం మంది మరణించారు.
- స్టెరాయిడ్ మందు ఒక్కటే పీల్చినవారిలో 16.0 శాతం.
- స్టెరాయిడ్, గొట్టాలు వెడల్పు చేసే మందు కలిపి పీల్చినవారిలో 12.6 శాతం.

కలిపిన మందు వలన ప్రాణరక్షణ కలిగిందని చెప్పడానికి ముందుగా పెట్టుకున్న హద్దుకు ఈ తేడా కొద్దిలో అందలేదు. స్టెరాయిడ్ ఒక్కటే వాడితే మరణాలు తగ్గలేదు. 2001 నాటి 29 శాతం ఎక్కడ, ఇది ఎక్కడ? అయితే కలిపిన మందు వలన వ్యాధి ఉన్నట్టుండి ముదరడం నాలుగవ వంతు తగ్గింది. ఇది చిన్న మేలు కాదు. మరోవైపు, ఉత్తుత్తి ఇన్‌హేలర్ వారిలో 12.3 శాతం మందికి న్యుమోనియా రాగా, కలిపిన మందు వాడినవారిలో 19.6 శాతం మందికి వచ్చింది. మేలు, కీడు రెండూ నిజమే.

మంచి పరీక్షలోనూ మొగ్గు ఉండవచ్చు

చీటీలు వేసినంత మాత్రాన అన్నీ సరిపోవు. ఈ రెండు విషయాలు గమనించండి.

1. మధ్యలో వెళ్ళిపోయేవారు. 2000లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ పరీక్ష ఒకదానిలో 751 మంది రోగులు చేరారు. మూడేళ్లలో ఉత్తుత్తి మందు గుంపులో 53 శాతం, స్టెరాయిడ్ గుంపులో 43 శాతం మంది మధ్యలోనే మానుకున్నారు. జబ్బు ముదిరినవారు వెళ్ళిపోతే, ఆ గుంపులో మిగిలేది కాస్త గట్టివారే. అప్పుడు మందు చేసిన మేలు కూడా తక్కువగా కనబడవచ్చు. అంటే మొగ్గు ఎప్పుడూ మందువైపే ఉండదు, మందుకు వ్యతిరేకంగా కూడా ఉండవచ్చు.

2. పాత మందును ఒక్కసారిగా ఆపడం. 2018లో ఫలితాలు వచ్చిన ఒక పరీక్షలో 10,355 మంది ఉన్నారు. మూడు మందులు కలిపిన ఇన్‌హేలర్‌ను, రెండు మందుల ఇన్‌హేలర్లతో పోల్చారు. చేరినవారిలో పదిమందికి సుమారు ఏడుగురు అప్పటికే స్టెరాయిడ్ పీలుస్తున్నారు. స్టెరాయిడ్ లేని గుంపులో పడినవారికి అది ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పుడు కనిపించిన తేడా కొత్త మందు చేసిన మేలా, పాత మందు ఆపినందువలన కలిగిన కీడా? ఈ ప్రశ్నను నిపుణులు లేవనెత్తారు. దీనికి ముందే, 2014లో వెలువడిన మరొక పరీక్షలో గొట్టాలు వెడల్పు చేసే రెండు మందులను కొనసాగిస్తూ, స్టెరాయిడ్‌ను 12 వారాలలో మెల్లగా తగ్గించారు. ఊపిరితిత్తుల బలం కొంచెం తగ్గినా, వ్యాధి ముదరడం మాత్రం పెద్దగా పెరగలేదు.

ఇవి కాక, ఫలితం బాగా లేని పరీక్షలు అచ్చుకే రాకపోవడం మరొక దోషం. దీనిని అరికట్టడానికే పరీక్ష మొదలుపెట్టకముందే దానిని బహిరంగంగా నమోదు చేయాలనే పద్ధతి వచ్చింది. మన దేశంలో ఇందుకోసం 2007లో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఏర్పడింది. 2009 నుండి నమోదు తప్పనిసరి అయింది.

పరీక్షకు నిలిచిన మేళ్లు

ఇదంతా చదివి, ఏ వైద్యాన్నీ నమ్మలేమని అనుకోకండి. ఇలాంటి పరీక్షలకు నిలిచినవి ఉన్నాయి.

పొగ మానడం వాటిలో మొదటిది. అమెరికా, కెనడాలలో పొగత్రాగే 5,887 మందిని చీటీల పద్ధతిలో విభజించి, ఒక గుంపుకు పొగ మానడానికి గట్టి సహాయం అందించారు. 2005లో వెలువడిన ఫలితం ప్రకారం, పద్నాలుగేళ్లకు పైగా గమనించగా ఆ గుంపులో మరణాలు తక్కువగా ఉన్నాయి.

రెండవది ఆక్సిజన్. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన రోగులు ఇంట్లో రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకుంటే ఎక్కువకాలం బ్రతుకుతారని 1980, 1981 సంవత్సరాలలో అమెరికా, బ్రిటన్ పరీక్షలు చూపించాయి. అయితే 2016లో వచ్చిన మరొక పరీక్షలో, ఆక్సిజన్ కొద్దిగా మాత్రమే తగ్గినవారికి ఆ మేలు కనబడలేదు. గనుక ప్రక్కింటి వారికి పెట్టారని మీరు సిలిండరు కొనవద్దు. పరీక్ష చేయించి డాక్టరుగారు చెబితేనే పెట్టించండి.

మీరు చేయవలసినవి

- ఎవరో చెప్పారని ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. ముఖ్యంగా రోగికి ఉబ్బసం కూడా ఉంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఆపడం ప్రమాదకరం.
- స్టెరాయిడ్ ఎవరికి మేలు చేస్తుందో ఊహించడానికి ఇప్పుడు రక్తపరీక్ష తోడ్పడుతుంది. ఇయోసినోఫిల్ కణాలు మైక్రోలీటరుకు 300, అంతకు మించి ఉంటే మేలు ఎక్కువ. 100 కంటే తక్కువైతే మేలు తక్కువ. ఈ పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి.
- స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారి నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మివేయించండి.
- జ్వరం, మామూలుకంటే ఎక్కువ ఆయాసం, గళ్ళ రంగు మారడం, మగతగా ఉండడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.
- ఇన్‌హేలర్ పీల్చే పద్ధతిని నర్సుగారి ఎదుట ఒకసారి చేయించి చూపించండి. సరిగా పీల్చకపోతే ఎంత మంచి మందైనా గొంతులోనే మిగిలిపోతుంది.

ఈసారి ఎవరైనా "పరిశోధనలో తేలింది" అని చెబితే

ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

1. మందు ఎవరికి ఇవ్వాలో చీటీల పద్ధతిలో నిర్ణయించారా, లేక తీసుకున్నవారిని, తీసుకోనివారిని తరువాత పోల్చారా?
2. రోజుల లెక్క అందరికీ ఒకే రోజు నుండి మొదలైందా?
3. మధ్యలో వెళ్ళిపోయినవారు ఏమయ్యారు?
4. తగ్గినది ఏమిటి? మరణాలా, ఆసుపత్రిలో చేరడమా, ఆయాసమా? దానితోపాటు పెరిగినది ఏమిటి?

జవాబులు మీకు తెలియకపోతే ఈ కాగితాన్ని డాక్టరుగారి వద్దకు తీసుకెళ్ళి అడగండి. అడగడం డాక్టరుగారిని శంకించడం కాదు. మీ రోగికి ఏ మందు ఎందుకు ఇస్తున్నారో, దానివలన ఎంత మేలు ఆశించవచ్చో తెలిస్తే ఆ మందును మీరు మరింత శ్రద్ధగా వాడిస్తారు. అవసరం లేనిదానికి అప్పు చేయకుండా, అవసరమైనదానిని భయపడి మానకుండా ఉంటారు.