కొండల ఆశ్రయంలో మిగిలిన ఓషధులు

ఆయుర్వేదం ఓషధి గుణాన్ని చెప్పేటప్పుడు అది పుట్టిన దేశాన్ని కూడా విచారిస్తుంది. కొన్ని మొక్కల విషయంలో ఈ విచారణ మరింత అవసరం. వాటికి లోకం మొత్తం మీద ఒకే ఒక సహజ నివాసం ఉన్నది.

ఆశ్రయస్థానం అనగానేమి?

వాతావరణం మారినప్పుడు, మైదానాలు సాగులోకి వచ్చినప్పుడు, కొన్ని మొక్కలు ఇతర ప్రాంతాలలో నశించి, అనుకూలమైన కొద్దిచోట్ల మాత్రమే నిలుస్తాయి. అట్టి చోటును ఆశ్రయస్థానం అంటారు. తూర్పు కనుమలలోని శేషాచలం కొండలు ఇందుకు చక్కని ఉదాహరణ. తలకోన వంటి లోయలు నీడను, తేమను ఇచ్చి, చుట్టూ ఉన్న ఎండు అడవిలో బ్రతకలేని మొక్కలను కాపాడుతున్నాయి. రాతివాలులు కరవుకు ఓర్చే జాతులకు చోటిస్తున్నాయి.

రక్తచందనం

ఇది శీతవీర్యం, రక్తపిత్తహరం. చర్మతాపానికి దీనిని లేపనంగా వాడతారు. ఈ చెట్టు సహజంగా పెరిగేది ముఖ్యంగా కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల కొండలలోనే. ఔషధానికి పనికివచ్చే ఎర్రని చేవ ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. కనుకనే దీని అంతర్జాతీయ వ్యాపారంపై 1995 నుండి నియంత్రణ ఉన్నది.

పేరీత

చూపునకు ఈతచెట్టును పోలిన ఈ సైకస్ మొక్క తిరుమల, కడప కొండలకే పరిమితం. ఇందులో ఆడ, మగ మొక్కలు వేరు. బలవర్ధకమనే నమ్మకంతో మగ మొక్కల శంకువులను కోసుకుపోతారు. పుప్పొడి లేనిదే ఆడ మొక్కలో విత్తనం కట్టదు. ముదురు మొక్కలు పచ్చగానే కనిపిస్తాయి, కాని వాటి క్రింద పిల్లమొక్కలు మొలవవు. ఇతర చోట్లనుండి విత్తనం వచ్చి ఆ లోటు తీర్చే అవకాశమూ లేదు. పైగా సైకస్ జాతులలో కాలేయానికి హాని చేసే సైకసిన్ అనే విషపదార్థం ఉంటుంది.

గృహస్థులు పాటించవలసినవి

1. పేరీత శంకువులను, వాటి పొడిని కొనరాదు, సేవించరాదు.

2. రక్తచందనం చెక్కను నమ్మకమైన దుకాణంలోనే కొని, సానపై అరగదీసి, చిటికెడు గంధం మాత్రమే వాడాలి. పొడి రూపంలో కల్తీని గుర్తించడం కష్టం.

3. సామాన్య చర్మతాపానికి వట్టివేరు పొడిని పన్నీటితో కలిపి పూసినా చాలు. దద్దుర్లు తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

4. స్థలమున్నవారు నర్సరీ నుండి రక్తచందనం మొక్క తెచ్చి పెంచవచ్చు. దానిని నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి అవసరం.