మూడు మూలల ముద్ద

మా పాపకు నాలుగేళ్లు. కంచంలో తెలియనిది ఏది కనిపించినా మూతి బిగించి మొహం పక్కకు తిప్పేస్తుంది. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్లో ఈ జంకు ఎక్కువే. అది మొండితనం కాదు, వయసు గుణం. అందుకే వేరే దేశపు వంట రుచి చూపించాలనుకున్నప్పుడు నోటి జోలికి పోకుండా చేతుల దగ్గర మొదలుపెట్టాను.

ఎంచుకున్నది జపాన్ వాళ్ల ఒనిగిరి. ‘నిగిరు’ అంటే చేత్తో పట్టి నొక్కడం. చెప్పాలంటే మన అన్నం ముద్దకు దూరపు చుట్టం. గోరుముద్దలు తిని పెరిగిన పిల్లకు అన్నం పాతదే, ఆకారం ఒక్కటే కొత్త. ఒక పూటకు ఒక్క కొత్త చాలు.

కావలసినవి: జపాన్ రకం పొట్టి గింజ బియ్యం 1 కప్పు, నీళ్లు కప్పుంబావు, వేయించిన నువ్వులు 1 చెంచా, కొంచెం ఉప్పు, నోరి 1 షీటు. నోరి అంటే సముద్రపు నాచును కాగితంలా పలచగా పరిచి ఆరబెట్టినది. ఆ బియ్యం దొరక్కపోతే కొత్త బియ్యం తీసుకోండి, నీళ్లు మీ ఇంటి కొలతే. కొత్త బియ్యం అన్నం ముద్దయిపోతోందని రోజూ విసుక్కుంటామే, ఇక్కడ ఆ గుణమే కావాలి. పాత సోనా మసూరి పొడిపొడిగా విడిపోతుంది.

1. ముందురోజే పరిచయం చేయండి. నోరి షీటు పాప చేతికిచ్చాను. “అమ్మా, ఇది కాగితమా?” అంది. తింటావా అని అడగలేదు, చింపమన్నాను. పర్రుమని చింపి, వాసన చూసి, “ఎండు చేపల కంపు!” అని ముక్కు మూసుకుంది. “సముద్రంలో పుట్టింది కదమ్మా” అన్నాను. ఆ రోజుకు అంతే.

2. అన్నం వండండి. బియ్యం మూడు నాలుగు సార్లు కడిగి, అరగంట నానబెట్టి వండాలి. దించాక మూత తీయకుండా 10 నిమిషాలు మగ్గనివ్వాలి. వెడల్పాటి పళ్లెంలోకి తీసి నువ్వులు కలపండి. పిల్లల చేతికి గోరువెచ్చగా తగిలేటప్పుడే చుట్టాలి. పూర్తిగా చల్లారితే గింజలకు పట్టు ఉండదు.

3. ముద్ద చేయించండి. చేతులు తడిపి, చిటికెడు ఉప్పు అరచేతులకు రాయాలి. తడి లేకపోతే అన్నమంతా వేళ్లకే అంటుకుంటుంది. నిమ్మకాయంత అన్నం ఎడమ చేతిలో పెట్టుకుని, కుడి అరచేతిని ఇంటి కప్పులా వంచి పైన మోపాలి. నొక్కి తిప్పు, నొక్కి తిప్పు: మూడు సార్లకు మూడు మూలలు వస్తాయి. పిసికితే మాత్రం పిండిముద్ద అవుతుంది. పాప చేసిన మొదటిది అచ్చం వంకర సమోసాలా ఉంది. దాన్ని నేను సరిచేయలేదు.

4. వడ్డించండి. నోరిని తినబోయే ముందే చుట్టాలి, లేకపోతే మెత్తబడి సాగుతుంది. పెద్ద ముక్క చిన్నపిల్లల అంగిట్లో అతుక్కుంటుంది కాబట్టి సన్నగా కత్తిరించండి. జపాన్‌లో ముద్ద మధ్యలో ఉమెబోషి పెట్టడం పాత అలవాటు. అది ఉమె కాయల పుల్లటి ఊరగాయ. ఉప్పు బాగా ఎక్కువ, గింజా ఉంటుంది కాబట్టి మొదటిసారికి వద్దు. నువ్వులు ఇంతకుముందు పెట్టి ఉండకపోతే కొద్దిగానే పెట్టి చూడండి, కొందరికి పడవు. మిగిలిన అన్నం గంటల తరబడి బయట ఉంచకండి.

5. బతిమాలకండి, లంచం ఇవ్వకండి. తింటే చాక్లెట్ ఇస్తామంటే, చాక్లెట్ విలువ పెరిగి ముద్ద విలువ పడిపోతుంది. 1984లో అమెరికాలో లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం చేసిన ప్రయోగంలో, బహుమతి కోసం తాగిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గింది. అంతకు రెండేళ్ల ముందు ఆవిడే రెండేళ్ల పిల్లలకు కొత్త రకాల చీజ్‌ను కొన్ని ఎక్కువసార్లు, కొన్ని తక్కువసార్లు రుచి చూపించారు. ఎక్కువసార్లు రుచి చూసిన వాటినే పిల్లలు ఎంచుకున్నారు. ఏం పెట్టాలో మన ఇష్టం, ఎంత తినాలో వాళ్ల ఇష్టం.

మొదటి ఆదివారం మా పాప అన్నం తిని, నోరి ఒలిచి నా కంచంలో పడేసింది. రెండో ఆదివారం నాలుకతో తాకి చూసింది. మూడో ఆదివారం ఆ పర్రుమనే చప్పుడు కోసం పళ్లతో కొరికింది. మింగిందా అంటే, సగం.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే పప్పన్నాన్ని అరచేతుల్లో నొక్కి తిప్పుతోంది. పప్పు జారి ఒక మూల విరిగిపడింది. “ఇది నిలబడదమ్మా” అంటూ ఆ విరిగిన మూలను నోట్లో వేసుకుంది.